కరపత్రంలో పట్టని అర్హతలు

వేసవి నాటక శిక్షణకి కరపత్రం వేయించే పని ప్రతి ఏడూ నా నెత్తినే పడుతుంది. కారణం పెద్దదేం కాదు, ప్రెస్సు మా షాపు పక్క సందులోనే ఉంది. ఈసారి ప్రెస్సు కుర్రాడు కొత్త మోడల్ చూపించాడు. ఎడమవైపు శిక్షకుల ఫొటోలు, కుడివైపు పేర్లు, పేరు కింద 'అర్హత' అని ఒక లైను. "కోచింగ్ సెంటర్లన్నీ ఇలాగే వేయిస్తున్నాయన్నా. తల్లిదండ్రులు ముందు చూసేది అదే" అన్నాడు.

సరేనని ఆదివారం రిహార్సల్‌కి ఒక తెల్లకాగితం పట్టుకుని వెళ్లాను. నాది శ్రీకాకుళంలో ఎలక్ట్రికల్ సామాన్ల షాపు. మా పిల్లల నాటక బృందంలో లైట్లు చూస్తాను, లెక్కలు రాస్తాను, టీలు చెబుతాను. అయిదుగురం నేర్పేవాళ్లం ఉన్నాం. అయిదు లైన్లు నింపడానికి నాకు మూడు ఆదివారాలు పట్టింది.

మొదట డైరెక్టర్ మాస్టారిని అడిగాను. ఆయన రిటైరైన లెక్కల మాస్టారు. నాటకం ఆయనకి ఎవరు నేర్పారో ఇప్పటికీ తేలలేదు, అడిగినప్పుడల్లా వేరే పేరు చెబుతారు. సుద్దముక్కతో నేలంతా గళ్లు గీస్తారు. నోటుబుక్కులో ప్రతి సీనుకీ ఒక గళ్ల కాగితం ఉంటుంది, ఎవరు ఏ గడిలోంచి ఏ గడిలోకి నడవాలో బాణం గుర్తులతో. "మూడో గడిలో ఏడవకురా, అక్కడ స్తంభం అడ్డం" అంటారు. ఆ తర్వాత వెళ్లి హాల్లో ఆఖరి కుర్చీలో కళ్లు మూసుకుని కూర్చుంటారు. ఫ్యాన్లన్నీ ఫుల్లు స్పీడులో తిరుగుతూ ఉండాలి. మాట వినబడకపోతే చెయ్యెత్తుతారు, అంతే. మైకు పెడదామని నేను చాలాసార్లు అన్నాను, మైకుసెట్టు మా ఇంటి వ్యాపారం కూడాను. ఒప్పుకోలేదు. ప్రతి వేసవిలో పిల్లల్ని ఒకరోజు కథానిలయానికి తీసుకెళ్తారు. కాళీపట్నం రామారావు మాస్టారు 1997లో మన ఊళ్లో పెట్టిన కథల లైబ్రరీ అది. ఒక్కొక్కరూ ఒక కథ చదవాలి, తిరిగి వచ్చాక పుస్తకం లేకుండా చెప్పాలి. చెప్పలేనివాడికి ఆ ఏడు పెద్ద వేషం లేదు.

"అర్హతా?" అని కాసేపు ఆలోచించి, "బీఎస్సీ బీఈడీ అని రాస్తే లెక్కల ట్యూషన్ అనుకుని వస్తారు. వద్దు" అన్నారు.

అసలు అర్హత ఉన్నది మేడం ఒక్కరికే. ఆంధ్రా యూనివర్సిటీలో థియేటర్ ఆర్ట్స్ చదివింది. వారమంతా ఒక ప్రైవేటు స్కూల్లో పాఠాలు చెప్పి, ఆదివారం మా దగ్గరికి వస్తుంది. మొదటిరోజు పిల్లలు మేడం అన్నారు, రెండోవారానికి అక్క అయిపోయింది. ఆవిడ వచ్చాక డైలాగు కాగితాలు ఆఖర్న ఇవ్వడం మొదలైంది. ముందంతా ఆటలే. ఒకడు అద్దం, ఒకడు మనిషి. ఒకడు గుడ్డివాడు, ఒకడు చేతికర్ర. మొదట్లో నాకు ఇది టైంపాస్‌లా కనిపించింది, దాచుకోను. కరపత్రం మాట ఎత్తగానే, "నా డిగ్రీ రాయకండి. మిగతావాళ్ల కింద ఖాళీ ఉండి నాకొక్కదానికే ఉంటే బాగోదు" అంది.

తప్పెటగుళ్ల బాబాయి పల్లె నుంచి మొదటి బస్సుకి వస్తాడు. మేం ఇచ్చేది బస్సు చార్జీలు, మధ్యాహ్నం భోజనం. తప్పెటగుళ్లు చూసినవాళ్లకి చెప్పక్కర్లేదు గానీ, చూడనివాళ్ల కోసం: గుండె మీద గుండ్రటి రేకు తప్పెట కట్టుకుని రెండు అరచేతులతో కొడుతూ, కాళ్లకి గజ్జెలతో గుంపుగా ఆడతారు. పాడుతూనే ఆడతారు. ఆడుతూనే ఒకరి భుజాల మీద ఒకరు ఎక్కి నిలబడతారు. బాబాయి మొదటి రెండు వారాలు పిల్లలకి తప్పెట ఇవ్వడు, ఉత్త గజ్జెలే. మూడోవారం ఒకణ్ని ఇంకొకడి భుజాలెక్కించి, కిందవాడిని డైలాగు చెప్పమంటాడు. కిందవాడు ఊపిరి బిగపడితే పైవాడు ఊగుతాడు. ఊపిరి వదులుతూ మాట్లాడటం మా పిల్లలు నేర్చుకున్నది అలా. కింద పరుపులు వేయించమని మాస్టారు గొడవ పెడితే మా ఇంట్లోవి రెండు తెచ్చి వేశాను. ఇప్పటిదాకా ఎవరూ పడలేదు. పరుపులు మాత్రం చిరిగిపోయాయి, ఇంట్లో మాట్లాడుకోవడానికి వీల్లేని విషయాల్లో అదొకటి.

"అర్హతేటి బావూ? మా నాన్న ఆడినాడు, ఆయన నాన్న ఆడినాడు. అదే రాసీ."

హార్మోనియం తాత సంగతి క్లుప్తంగా చెబుతాను, లేకపోతే ఆయన చదివించుకుని తప్పులు పడతాడు. పద్యనాటకాలకి నలభై ఏళ్లు వాయించాడు. ఇప్పటి పిల్లలకి శ్రుతి లేదంటాడు, ఇప్పటి నాటకానికి రాగం లేదంటాడు, ఇప్పటి టీకి పాలు లేవంటాడు. ఒక్క ఆదివారం కూడా మానడు.

ఇక నేను. మా నాన్న ఊరూరా నాటకాలకి మైకుసెట్టు, లైట్లు అద్దెకిచ్చేవాడు. వెలుగు మెల్లగా తగ్గించాలంటే ఆ రోజుల్లో ఉప్పునీళ్ల డిమ్మరే. పీపాలో ఉప్పు కలిపిన నీళ్లు, అడుగున ఒక రేకు, పైన తాడుకి కట్టిన ఇంకో రేకు. రేకు దించేకొద్దీ లైటు పెరుగుతుంది, లాగేకొద్దీ తగ్గుతుంది. సీను ముదిరేసరికి నీళ్లు కుతకుతలాడేవి. నా చిన్నప్పుడు నాన్న నన్ను దాని దగ్గరికి రానిచ్చేవాడు కాదు. ఆయన చేతి మీద మచ్చ చూస్తే ఎందుకో తెలిసేది. అందుకే నా దగ్గర మొదటి పాఠం పొడిచేతులు, కాళ్లకి చెప్పులు. రెండో పాఠం లెక్క. 230 వోల్టుల మీద 1000 వాట్ల హాలోజెన్ నాలుగు ఆంపియర్లు దాటి లాగుతుంది కాబట్టి, అయిదు ఆంపియర్ల ప్లగ్గుకి ఒకటే దీపం, రెండోది తగిలిస్తే మాడుతుంది. ఈ భాగాహారం బోర్డు మీద మాస్టారే చేయిస్తారు, అదేదో ఆయన పాఠమైనట్టు.

ఇంతమంది ఒకచోట ఉంటే గొడవ రాకుండా ఉంటుందా? పోయినేడాది వచ్చింది. పెద్దదే.

నాటకం తిత్లీ తుపాను మీద. 2018 అక్టోబర్ 11 తెల్లవారుజామున అది మన తీరం దాటింది, ఉద్దానంలో కొబ్బరి, జీడితోటలు నేలకొరిగాయి. తండ్రీకొడుకులు పొద్దున్నే తోటకి వెళ్లి చూసే సీను ఒకటుంది. కొడుకు వేషం వేసే కుర్రాడిది ఉద్దానమే. తుపాను నాటికి వాడికి ఆరేళ్లు. కాగితం మీద ఉన్న డైలాగు, "నాన్నా, చెట్లన్నీ పడిపోయాయి." మేడం కాగితం పక్కన పెట్టించి, నీకెలా వస్తే అలా అనమంది. వాడు కాసేపు నేల చూసి, "అయ్యా, సెట్లన్నీ పడిపోనాయి" అన్నాడు.

నాకు ఒళ్లు గగుర్పొడిచింది. అదే క్షణంలో వెనకాల కూర్చున్న తల్లిదండ్రులు నలుగురైదుగురు పకపకా నవ్వారు. వాళ్లూ ఇంట్లో మాట్లాడేది ఆ మాటే. అయినా సినిమాల్లో మన యాస వినబడిందంటే పనివాడో జోకరో వచ్చాడని అర్థం కదా, స్టేజీ మీద వినబడితే నవ్వాలని అలవాటైపోయింది. కుర్రాడి మొహం ఎర్రబడింది. తర్వాతి లైను చెప్పలేదు.

మాస్టారు రిహార్సల్ ఆపేశారు. కాగితం మీద ఉన్నదే చెప్పించాలన్నారు, పిల్లాణ్ని నవ్వులపాలు చేయలేనన్నారు. మేడం ఊరుకోలేదు. "1892లో పక్కనే విజయనగరంలో కన్యాశుల్కం వాడుక మాటలోనే ఆడారు. మనకి ఇప్పుడు సిగ్గా?" అంది. హార్మోనియం తాత వెంటనే అందుకున్నాడు: "అది అగ్రహారం వాడుక తల్లీ. మా వాడుకని ఎవడు ఆడించాడు?" ఆయన ఏ పక్షమో ఆ మాటతో ఎవరికీ తెలియలేదు. తప్పెటగుళ్ల బాబాయి తలెత్తకుండా గజ్జెలు మూట కట్టుకున్నాడు. బస్సుకి ఇంకా గంటన్నర టైముంది. టీలు చల్లారిపోయాయి.

ఆ తర్వాతి ఆదివారం మాస్టారు కొత్త గళ్ల కాగితం తెచ్చారు. కుర్రాడు అన్న లైను అలాగే ఉంచారు. దాని ముందు సీన్లన్నీ మార్చారు. నాటకం మొదలైనప్పటి నుంచి ఊళ్లో అందరిదీ ఒకటే మాట, పెద్దమ్మా, టీకొట్టువాడూ, పంతులూ అందరూ "ఏటి", "వొచ్చీసినాడు" అనేవాళ్లే. పుస్తకం తెలుగు మాట్లాడేది ఒక్కడే, పడిన చెట్ల లెక్క రాసుకోవడానికి వచ్చిన అధికారి. వాణ్ని రెండో సీనులోనే తెచ్చి నిలబెట్టారు. "మీ యొక్క వృక్షములు ఎన్ని?" అని వాడు అడుగుతాడు. జనం నవ్వు అక్కడే ఖర్చయిపోతుంది. తండ్రీకొడుకులు తోటలోకి వచ్చేసరికి నవ్వడానికి ఇంకేమీ మిగలదు. "సమీకరణంలో ఇటుపక్కది అటుపక్కకి మార్చాను, అంతే" అన్నారు మేడంతో. పొరపాటైందని ఆయన చెప్పలేదు, ఆవిడా అడగలేదు.

బాపూజీ కళామందిర్‌లో ఆడిన రోజు సరిగ్గా అలాగే జరిగింది. లైట్ల దగ్గర మా శిష్యురాలు, ఏడో తరగతి. కొడుకు ఆ లైను చెప్పాక అయిదు లెక్కపెట్టి వెలుగు తగ్గించమని చెప్పాను. అయిదైంది. పదైంది. ఆమె చెయ్యి కదల్లేదు. నాకు టెన్షన్, ఆడిటోరియంలో చీమ చిటుక్కుమనలేదు. తండ్రి వేషం వేసినవాడు పడిన చెట్టు మీద పెట్టిన చెయ్యి తీశాకే లైటు దించింది. తర్వాత అడిగితే, "ఆయన చెయ్యి ఇంకా అక్కడే ఉందన్నా" అంది. ఎవరి పాఠమో అది, నాదైతే కాదు. నేను చెప్పింది అయిదే.

అసలు విషయానికొస్తే, మూడో ఆదివారం మాస్టారు నా కాగితం లాక్కుని, 'అర్హత' అన్న మాట కొట్టేసి, అందరికీ కలిపి కింద ఒకటే లైను రాశారు: ప్రతి ఆదివారం ఉదయం 9 గంటలకి ఉంటారు. ప్రెస్సు కుర్రాడు మొహం చిట్లించినా అలాగే కంపోజ్ చేశాడు. ప్రూఫు చూడమన్నాడు. షాపులో గిరాకీ ఉండి సరిగా చూడలేదు, తప్పు నాదే. 500 కాపీలు వచ్చాక చూస్తే పైన పెద్దక్షరాల్లో 'మా శిక్షకులు' అనే చోట 'మా శిక్షితులు' అని ఉంది.

మళ్లీ వేయించడానికి డబ్బుల్లేవు. భయపడుతూనే అందరికీ చూపించాను. హార్మోనియం తాత కళ్లజోడు పెట్టుకుని రెండుసార్లు చదివి, "నలభై ఏళ్లలో నా గురించి ఒక్కమాట కరెక్టుగా అచ్చేశారు" అన్నాడు, టీలో పాలు తక్కువయ్యాయని గ్లాసు వెనక్కి పంపించాడు.