రెఖ్మిరె సమాధిలో కంసాలి పని

ప్రొద్దుటూరులో మా నాన్న నలభై ఏళ్లు కంసాలి పని చేశారు. కుంపటి ముందు కూర్చుని ఊదుగొట్టంతో నిప్పును ఊదుతుంటే ఉబ్బే ఆయన బుగ్గలు చూస్తూ పెరిగినవాణ్ణి. సరిగ్గా అదే పని ఈజిప్టులో ఒక సమాధి గోడ మీద రంగుల్లో ఉందని, అది దాదాపు 3,400 ఏళ్ల నాటిదని తెలిసినప్పటి నుంచి నా మనసంతా అక్కడే ఉండేది. చివరికి మొన్న జనవరిలో కుదిరింది.

ఆ సమాధి రెఖ్మిరెది. మూడో తుత్‌మోస్ ఫారో (క్రీ.పూ. 1479–1425) పాలన చివర్లో, ఆయన కొడుకు రెండో అమెన్‌హోటెప్ తొలి రోజుల్లో వజీరుగా చేశాడు. మన లెక్కలో మహామంత్రి అనుకోవచ్చు. పన్నులు, న్యాయం, అమున్ దేవుడి గుడి కార్ఖానాలు అన్నీ ఆయన చేతి కిందే నడిచేవి.

లక్సర్‌లో తెల్లవారగానే ఫెర్రీ ఎక్కి నైలు దాటాను. సమాధులున్నది పడమటి ఒడ్డున. టాక్సీ మాట్లాడుకుని నేరుగా షేక్ అబ్ద్ అల్-ఖుర్నా కొండకే వెళ్లిపోయాను. అక్కడే పొరపాటు జరిగింది. కొండ దగ్గర టికెట్ అమ్మరు. మెమ్నాన్ విగ్రహాలనే రెండు భారీ రాతి బొమ్మలకు దగ్గర్లో ఉన్న కౌంటర్‌లో, ఏ సమాధి చూడాలో చెప్పి ముందే కొనుక్కోవాలి. మళ్లీ వెనక్కి వెళ్లాను. నగదు తీసుకోరట, కార్డే కావాలట. నా కార్డు రెండుసార్లు గీకినా పనిచేయలేదు. విదేశాల్లో వాడకానికి దాన్ని ఆన్ చేసుకోవడం మరిచిపోయాను. యాప్ తెరుచుకుని, ఓటీపీ వచ్చేదాకా పడ్డ టెన్షన్ అంతా ఇంతా కాదు. ఇంత దూరం వచ్చి కౌంటర్ దగ్గరి నుంచే తిరిగిపోవాలా అనిపించింది. మూడోసారి పనిచేసింది. రెఖ్మిరె సమాధికి, అదే కొండ మీదున్న సెన్నెఫెర్ అనే మరో అధికారి సమాధికి కలిపి ఒకటే టికెట్. మీరు వెళ్తే కార్డు సంగతి ఇంటి దగ్గరే చూసుకోండి.

లోపల సమాధి ఇంగ్లీషు టీ అక్షరంలా ఉంటుంది. ముందు అడ్డంగా ఒక గది. అందులో పరదేశీయులు కానుకలు మోసుకొస్తుంటారు. క్రీటు దీవివాళ్లు, ఎర్రసముద్రం వైపు పుంట్ దేశంవాళ్లు, సిరియావాళ్లు, ఈజిప్టుకు దక్షిణాన ఉన్న నూబియావాళ్లు. జిరాఫీ మెడ మీదికి ఎగబాకుతున్న కోతి దగ్గర అందరూ ఆగుతారు, నేనూ ఆగాను. దాని వెనక పొడవాటి నడవా. లోపలికి వెళ్లేకొద్దీ పైకప్పు లేస్తూ చివరికి 8 మీటర్ల దాకా పోతుంది. నాకు కావలసిన గోడ అక్కడ ఉంది.

ఒకడు పొయ్యి ముందు కూర్చున్నాడు. నోట్లో ఊదుగొట్టం, చేతిలో పటకారు. కాసేపు నాకు చుట్టూ ఏమీ కనబడలేదు. పక్కనే బంగారం తూస్తున్నారు, రేకు కొడుతున్నారు. ఇంకోచోట పూసలకు బెజ్జాలు వేస్తున్నారు. విల్లు లాంటి కర్రకు తాడు కట్టి ముందుకీ వెనక్కీ లాగుతుంటే ఒకేసారి రెండు మూడు బరమాలు తిరుగుతాయి. మా నాన్న ఒక్కదానితోనే అవస్థ పడేవారు.

పెద్ద పోత పని జరిగేచోట కొలిమి తిత్తులను కాళ్లతో తొక్కుతున్నారు. ఒక కాలు తిత్తిని నొక్కుతుంటే, రెండో తిత్తిని చేతిలోని తాడుతో పైకి లాగుతున్నారు. అలా గాలి తెగకుండా వస్తుంది. కరిగిన లోహమున్న మూసను రెండు కర్రల మధ్య పట్టుకుని ఎత్తి, వరసగా గరాటులున్న అచ్చులో పోస్తున్నారు. కర్నాక్‌లోని అమున్ గుడి తలుపుల కోసమే ఈ పోత అని గోడ మీదే రాసి ఉంది. అంత పెద్ద తలుపుకు ఒకే గరాటు నుంచి పోస్తే లోహం అంచులకు చేరేలోపే చల్లారిపోతుంది కదా. ఆ సంగతి బొమ్మ గీసినవాడికి తెలుసు. పని దగ్గర నిలబడి చూడనివాడు అలా గీయలేడని నా నమ్మకం.

రెఖ్మిరె ముఖాన్ని మాత్రం చాలాచోట్ల పాత రోజుల్లోనే ఉలితో చెరిపేశారు. ఈ సమాధిలో శవాన్ని దించే గొయ్యి కూడా లేదు. ఇటుకలు పోసేవాళ్లు, తోలు పనివాళ్లు, వడ్రంగులు మాత్రం ఇంకా పనిలోనే ఉన్నారు.

సెన్నెఫెర్ సమాధి నిటారు మెట్ల కింద ఉంది. ఎగుడుదిగుడు రాతి కప్పంతా ద్రాక్ష గుత్తులు వేశారు. చాలా అందంగా ఉంది, కానీ నా కళ్లు పైనున్న గోడ మీదే ఉండిపోయాయి. బయటికొచ్చి మళ్లీ రెఖ్మిరె దగ్గరికే వెళ్లాను. కాపలా పెద్దాయన టికెట్ చూసి నవ్వి లోపలికి పంపారు. ఆయన సరేనన్నాకే ఫ్లాష్ లేకుండా ఫోన్‌తో నాలుగు ఫొటోలు తీశాను.

సాయంత్రం అవి నాన్నకు పంపి వీడియో కాల్ చేశాను. ఆయన కళ్లద్దాలు పెట్టుకుని చాలాసేపు చూశారు.

"ఊదుతానే పటకారు కూడా పట్టుకున్నాడు చూడు. చెయ్యి తిరిగినోడు" అన్నారు. కాసేపాగి, "ఏం బొగ్గురా అది? తుమ్మ బొగ్గా?" అని అడిగారు.

నైలు గట్టున తుమ్మ జాతి చెట్లు ఉన్నాయని చెప్పాను.

"అట్లయితే తుమ్మదే. పొద్దున ఇంకోసారి పో, నిప్పు దగ్గరగా తీసి పంపు" అన్నారు.

మర్నాడు మళ్లీ ఫెర్రీ ఎక్కాను.