సొరబుర్రలో గింజ

సెలవు కదా అని పొద్దున్నే అటక సర్దుదామని ఎక్కా, సర్దడం పక్కన పెడితే ఎప్పుడో పందిరి మీద వదిలేస్తే ఎండిపోయిన గుండ్రటి సొరబుర్ర ఒకటి చేతికి తగిలింది, ఊపితే గలగలమంది, అంతే, దాన్ని స్పీకర్ పెట్టెగా చేద్దామని బుద్ధి పుట్టింది, ఇవాళ్టి రోజంతా దానికే పోయింది.

పాత రేడియోలోంచి పీకిన 3 అంగుళాల స్పీకర్ ఒకటి సొరుగులో పడుంది, 4 ఓమ్‌లది. ముందు దాన్ని ఉత్తినే టేబుల్ మీద పెట్టి పాట వేస్తే దోమ పాడినట్టుంది. పాపం దాని తప్పేం లేదు, స్పీకర్ మధ్యలో ఊగే గరాటు, అదే కోన్, ముందుకి తోసిన గాలి అంచు చుట్టూ తిరిగి వెనక్కి జారుకుంటుంది, ముందు శబ్దం వెనక శబ్దం ఒకదాన్నొకటి మింగేసుకుంటాయి, బేస్ మన దాకా రాదు. అందుకే పెట్టె కావాలి. పెట్టె చెక్కదే అవ్వాలని రూలేం లేదు, 1951లోనే హ్యారీ ఓల్సన్ అనే ఇంజనీరు రకరకాల ఆకారాల్లో స్పీకర్ బిగించి కొలిస్తే గోళంలో పెట్టిందే అన్నిటికంటే సాఫీగా పలికిందట. ఆయన సొరకాయ మాత్రం ట్రై చేసుండడు లెండి.

కన్నం కోయడం పది నిమిషాల పని, అంచు చదునుగా రావడమే చచ్చే చావు. గరుకు కాగితం నేలకి అంటించి దాని మీద బుర్రని బోర్లించి అరగంట రుద్దా. లోపలి బూజు గీకేటప్పుడు మూతికి గుడ్డ కట్టుకోలేదు, సాయంత్రం దాకా తుమ్ములే.

ఫోన్ నుంచి వచ్చే పాటని స్పీకర్‌కి సరిపడా పెంచే ఆంప్ బోర్డు చిన్నది, 5 వోల్టులతో నడుస్తుంది. పాట ఎడమ, కుడి అని రెండు ఛానళ్ళుగా వస్తుంది, ఉన్నది ఒక్క స్పీకరే కదా అని ఎడమ ఛానల్‌కి కలిపా, పాటలో సగం వాయిద్యాలు మాయం! అలాగని రెండు అవుట్‌పుట్‌లూ ముడేస్తే బోర్డు కాలిపోవచ్చు, కలపాల్సింది ఇన్‌పుట్ దగ్గర, ఒక్కో వైరుకి ఒక్కో 1000 ఓమ్‌ల రెసిస్టర్ పెట్టి. జిగురులో రంపపు పొట్టు కలిపి సందులన్నీ మెత్తేశా, దొర్లకుండా కింద ఎండుగడ్డితో చుట్టకుదురు.

పాట పెట్టగానే బేస్! దోమ గొంతు కాస్తా మనిషి గొంతయింది. కానీ ఒక్కో చోట జర్‌ర్ర్ అంటోంది. కోన్ చిరిగిందేమో అనుకున్నా, స్క్రూలు బిగించా, వైర్లు కదిపా, ఏం లాభం లేదు. ఫోన్లో ఒక్కో స్వరాన్నే పలికించే టోన్ యాప్ పెట్టి 50 హెర్ట్జ్ నుంచి మెల్లగా పెంచుతూ పోతే సరిగ్గా 140 దగ్గర మొదలై 150 దాటగానే ఆగిపోతోంది. మెత్తిందంతా మళ్ళీ పీకి బుర్ర బోర్లించి తడితే టప్‌మని ఒక్క గింజ పడింది, మెడలో ఇరుక్కుని ఆ ఒక్క స్వరానికే ఆడుతోందన్నమాట.

ఇప్పుడు రాత్రి పదకొండు. మగ గొంతులు ఇంకా కుండలోంచి వస్తున్నట్టే ఉన్నాయి, రేపు లోపల కాస్త దూది కూరాలి. ఇందాక వాల్యూమ్ పెంచితే మళ్ళీ జర్‌ర్ర్, గుండె ఆగినంత పనైంది, చూస్తే బుర్ర కాదు, పక్కన పెట్టిన నా కళ్ళజోడు.