అమ్మ పోసిన మంచినీళ్ళు

రోహిణి కార్తెకు రోళ్ళు పగులుతాయో లేదో గానీ, చెన్నై వేళచ్చేరిలో మా చేపల తొట్టి నీళ్ళు మాత్రం ఆవిరైపోతున్నాయి. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి చూస్తే తొట్టి నిండుగా ఉంది. పక్కనే ఖాళీ కేను.

"పాపం, ఎప్పుడూ ఆ ఉప్పునీళ్ళేనా? పాతవి కొన్ని తోడేసి మంచినీళ్ళు పోశాను" అంది అమ్మ.

తొట్టి 60 లీటర్లది, కేను 20 లీటర్లది. కొలిచాను. లీటరుకు 35 గ్రాములు ఉండవలసిన ఉప్పు 23కు పడింది. కొళత్తూరులో కొన్న రెండు సముద్రపు క్లౌన్ చేపలూ ఒక మూలకు చేరాయి, మొప్పలు గబగబా కొట్టుకుంటున్నాయి. నత్త మూత బిగించుకుంది. కోపం వచ్చింది కానీ, తాగే నీళ్ళు తెచ్చి పోసిన మనిషి మీద ఎలా అరుస్తాను?

మాగాయతో మొదలుపెట్టాను. ముక్కకు ఉప్పు పట్టిస్తే ఊట దిగదూ? సముద్రపు చేపకు బతుకంతా అదే తంతు. దాని రక్తంలో ఉప్పు సముద్రంలో ఉన్నదానిలో దాదాపు మూడో వంతే. అందుకే ఒంట్లో నీరు మొప్పల గుండా బయటికి పోతూనే ఉంటుంది. ఆ లోటు తీర్చుకోవడానికి సముద్రాన్నే తాగుతుంది. ఎక్కువైన ఉప్పును మొప్పల్లో ఉండే ప్రత్యేక కణాలు బయటికి తోసేస్తాయి. మూత్రమైతే మహా పొదుపు.

23 గ్రాములంటే రక్తం కన్నా ఇంకా ఉప్పనే, కాబట్టి ఊట దారి మారలేదు. తొట్టి మొత్తం మంచినీళ్ళతో నింపి ఉంటే నీరు లోపలికి చొరబడేది, ఉన్న ఉప్పు బయటికి జారిపోయేది. తాగడం చేప త్వరగానే తగ్గించుకుంటుంది. మొప్పల కణాలు కొత్త కొలతకు కుదురుకోవడానికి మాత్రం రోజులు పడుతుంది.

అమ్మది సూళ్ళూరుపేట. ఊరుకుంటుందా! "వానాకాలంలో మా పులికాట్ నీళ్ళు చప్పబడవూ? పండుగప్ప చచ్చిందా?"

నిజమే. పండుగప్ప ఉప్పునీటిలోనూ మంచినీటిలోనూ బతకగలదు. అలా మంచినీటికి మారే చేపల ఒంట్లో ఉప్పును పట్టి ఉంచేది ప్రొలాక్టిన్. తల్లికి పాలు పడటానికి కావలసిన హార్మోను కూడా అదే. ఈ మాట అమ్మకు చెప్పలేదు, గెలిచానంటుంది.

ఇప్పుడు ఉప్పు గబగబా కలిపితే రెండో దెబ్బ. బకెట్లో ఉప్పునీళ్ళు సిద్ధం చేసి, సన్నని గొట్టానికి ముడి వేసి, చుక్క చుక్కగా వదులుతున్నాను. ఇలా రెండు మూడు రోజులు.

రాత్రి పదకొండయింది. అమ్మ తొట్టి పక్కన కుర్చీ వేసుకుని చుక్కలు లెక్కపెడుతోంది. ముడి ఇంకొంచెం బిగించమంటోంది.