మిద్దెతోట గ్రూపులో ఎరువు అమ్మాలంటే ముందు మిరపాకు తిప్పి చూడాలి

వర్మికంపోస్ట్, వేపపిండి, నారు అమ్ముకుందామని మిద్దెతోట గ్రూపుల్లో చేరేవాళ్లు చాలామంది మొదటిరోజే ధరల పట్టిక పెట్టేస్తారు. అడ్మిన్ తీసేస్తారు, లేదంటే ఎవరూ పలకరు. సరుకు మంచిదే కావచ్చు. కానీ సంచిలో ఏముందో ఫోటోలో తెలియదు. జల్లించిన నల్లమట్టిని కూడా వర్మికంపోస్ట్ అని కట్టి అమ్మొచ్చు. అందుకే కొనేవాళ్లు అమ్మే మనిషిని చూసి కొంటారు. ఆ మనిషి ఎలాంటివాడో గ్రూపుకు అర్థం కావడానికి, నా లెక్క ప్రకారం, ఒక పంటకాలం పడుతుంది. మీ మాట విని జూన్‌లో విత్తిన వంగ సెప్టెంబర్‌లో కాయలు కాస్తే, మీ గురించి మీరేమీ చెప్పుకోనక్కర్లేదు.

మొదటి రెండు వారాలు చదవండి, అంతే. గ్రూపు నియమాలు, ఏ రోజున అమ్మకాలకు ఒప్పుకుంటారు, ఎవరి మాటకు విలువ ఎక్కువ, అన్నీ గమనించండి. మళ్లీ మళ్లీ వచ్చే ప్రశ్నలు ఒక పుస్తకంలో రాసుకోండి. మిరపలో ఆకుముడత, మందారానికి పిండినల్లి, టమాటా కాయ అడుగు నల్లబడటం, బీర పిందె రాలడం: సగం ప్రశ్నలు వీటి చుట్టూనే తిరుగుతాయి. వీటిలో మూడింటి మీద గట్టి పట్టు తెచ్చుకుంటే చాలు. అన్నిటికీ జవాబు చెప్పేవాడిని జనం తొందరగానే అనుమానిస్తారు.

జవాబు ఎలా ఉండాలో మిరప మీదే చూద్దాం. "మా మిరప ముడుచుకుపోయింది, ఏం కొట్టాలి?" అని ఎవరో ఫోటో పెడతారు. కింద పది మంది "వేపనూనె" అని రాసి వెళ్లిపోతారు. మీరు ముందు అడగండి: ఆకు పైకి ముడుచుకుందా, కిందికా? ఆకు వెనకవైపు దగ్గరగా ఒక ఫోటో తీసి పెట్టగలరా? అంచులు పైకి లేచి పడవలా ఉంటే తామర పురుగులు. కిందికి వంగి తిరగేసిన పడవలా ఉండి, కాడ సాగితే తెల్లనల్లి. మొదటిదానికి 1500 పీపీఎం (సీసా మీద రాసి ఉండే గాఢత) వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, జిగురు కోసం కాస్త కుంకుడు రసం కలిపి సాయంత్రం పూట ఆకు వెనక తడిసేలా కొట్టాలి. కుంకుడు రసం వేయకపోతే నూనె నీళ్లపైన తేలి, ఒకచోట ఎక్కువ పడి ఆకు మాడుతుంది. రెండోదానికి నీటిలో కరిగే గంధకం లీటరుకు 3 గ్రాములు. ఈ రెండింటి మధ్య రెండు వారాలైనా ఎడం ఉండాలి, లేకపోతే ఆకులు కాలిపోతాయి. ఎండ ముదిరిన రోజుల్లో గంధకం జోలికి వెళ్లొద్దు.

ఇంతవరకు రాసేవాళ్లు కొందరుంటారు. వారం తర్వాత అదే పోస్టు కిందికి వచ్చి "కొత్త చిగురు ఎలా ఉందండీ?" అని అడిగేవాళ్లు మాత్రం బహు తక్కువ. గ్రూపు గుర్తుపెట్టుకునేది వాళ్లనే. తగ్గకపోతే తగ్గలేదనే రాయండి. మీరు చెప్పిన మోతాదు తప్పైతే కామెంట్ చెరిపేయకుండా దాని కిందే సరిచేయండి.

నమ్మకం అన్నిటికన్నా త్వరగా పెరిగేది, మీరు అమ్మే సరుకు అక్కర్లేదని మీరే చెప్పినప్పుడు. బీర పిందె పసుపెక్కి రాలుతుంటే ఎరువు వేసినా ఆగకపోవచ్చు, చాలాసార్లు పరాగం అందక రాలుతుంది. బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, ఆ వేళలో మగపువ్వు కోసి ఆడపువ్వు మీద అద్దాలి. టమాటా అడుగు నల్లబడేది కాల్షియం అందక, అదీ ఎక్కువగా రోజూ ఒకేలా నీళ్లు పోయకపోవడం వల్ల. ఇక్కడ "మా వర్మికంపోస్ట్ వేయండి" అంటే మూడు నెలల శ్రమ ఒక్క వాక్యంతో పోతుంది.

మీకు వ్యాపారం ఉందన్న సంగతి మాత్రం దాచకండి. మీరు అమ్మే వస్తువు గురించి మాట వస్తే "ఇది నేను అమ్ముతాను, అది మనసులో పెట్టుకుని చదవండి" అని ముందే రాయండి. బావమరిదితో, మేనకోడలితో పొగడ్తలు రాయించడం పెద్ద తప్పు. ఎప్పుడూ మాట్లాడని నాలుగు ఖాతాలు ఒకేసారి మెచ్చుకుంటే ఎవరికైనా తెలిసిపోతుంది. గ్రూపులోని నంబర్లు తీసుకుని విడివిడిగా మెసేజ్‌లు పంపడం అంతకన్నా చేటు. నలుగురు రిపోర్ట్ కొడితే మీ వాట్సాప్ నంబరే ఆగిపోవచ్చు.

మొదటి అమ్మకం పోస్టు అడ్మిన్‌కి ముందు పంపి, అనుమతి తీసుకుని పెట్టండి. ఇరవై సంచులకు మించొద్దు. బరువు, ధర, ఏ ప్రాంతాలకు పంపగలరు, ఏ తేదీన జల్లించారు, తేమ ఎంత, అన్నీ అందులో ఉండాలి. వర్మికంపోస్ట్‌లో తేమ 15 నుంచి 25 శాతం ఉండాలని 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వులోని ప్రమాణం. 5 కిలోల సంచిలో తేమ 40 శాతం ఉంటే 2 కిలోలు నీళ్లే. 25 శాతమైతే కిలోంపావు. ఈ ముప్పావు కిలో తేడా దగ్గరే చాలామంది మోసపోయారు కాబట్టి, పిడికిట పిసికితే నీరు కారకుండా ముద్దయి, వేలు తగలగానే విడిపోయే ఎరువును చిన్న వీడియోగా చూపించండి. సంచులు కట్టేముందు అనుమతుల సంగతి వ్యవసాయ అధికారిని కలిసి కనుక్కోండి.

ఎవరైనా "సంచిలో పురుగులొచ్చాయి" అని అందరి ముందూ రాస్తే "ఇన్‌బాక్స్‌కి రండి" అనొద్దు. అక్కడే ఫోటో అడగండి. వానపాము పిల్లలైతే భయం లేదని చెప్పండి. తెల్లగా, లావుగా, సున్నాలా ముడుచుకున్న వేరుపురుగులైతే వేళ్లు కొరికేస్తాయి. తప్పు ఒప్పుకుని వేరే సంచి పంపండి, అదే విడత జల్లించిన సరుకు కొన్న మిగతావాళ్లనీ పేరుపేరునా పిలిచి సంచులు విప్పి చూసుకోమనండి.