ఆయిల్‌లో నీళ్లు కలిశాయా? హెడ్ విప్పే ముందు ఇవి చూడండి

ఏ కంపెనీ స్కిడ్ స్టీర్ (చిన్న లోడర్ బండి) అయినా బెంగళూరు సైట్లలో దాని పేరు బాబ్‌క్యాటే. వైట్‌ఫీల్డ్ నుంచి దేవనహళ్లి దాకా వీటిని నడిపే, బాగుచేసే మనవాళ్లు చాలామంది ఉన్నారు. డిప్‌స్టిక్ తీయగానే ఆయిల్ పాలు కలిపిన కాఫీలా కనిపిస్తే "అన్నా, హెడ్ గ్యాస్కెట్ పోయింది" అనే మాటే ముందొస్తుంది. ఆ మాట మీద సిలిండర్ల పైన మూతలా ఉండే హెడ్‌ని, దాని కింద సీలుగా ఉండే గ్యాస్కెట్ కోసం విప్పేస్తారు. గ్యాస్కెట్, బోల్టులు, మెషిన్ షాపు ఖర్చు, ఆగిపోయిన బాడుగ, అన్నీ మీద పడతాయి. లీకు, రేడియేటర్ నీళ్లతో ఆయిల్‌ని చల్లార్చే ఆయిల్ కూలర్‌లో ఉంటే ఇదంతా చేశాక కూడా కొత్త ఆయిల్ మళ్లీ తెల్లబడుతుంది.

అనుమానం రాగానే ఇంజన్ ఆపేయండి. పక్కకు తీసి పెట్టడానికి కూడా మళ్లీ స్టార్ట్ చేయొద్దు. కూలెంట్ (ఇంజన్‌ని చల్లబరచడానికి రేడియేటర్‌లో పోసే ద్రవం) కలిసిన ఆయిల్ బేరింగుల మీద పొరగా నిలవదు. కొద్ది నిమిషాల్లోనే బేరింగ్ షెల్స్ గీసుకుపోవచ్చు. ఆర్మ్స్ కిందికి దించి ఉంచండి. క్యాబ్ ఎత్తాల్సి వస్తే దాని లాక్ పడిందో లేదో కళ్లతో చూడండి. రేడియేటర్ మూత చేత్తో తాకగలిగేంత చల్లారాకే తీయాలి.

ఆయిల్ పోసే మూత అడుగున మాత్రమే తెల్లటి జిగురు ఉండి, డిప్‌స్టిక్ మీద ఆయిల్ మామూలుగా ఉంటే కంగారు పడొద్దు. వానాకాలంలో బండిని కాసేపే నడిపి ఆపేస్తుంటే లోపలి చెమ్మ అక్కడ పేరుకుంటుంది. లెవెల్ పెరిగినా రంగు మారకపోతే నీళ్లు కాకుండా వేరే కారణం వెతకాలి. డీజిల్ దిగుతుంటే ఆయిల్ పలుచబడి వాసన వస్తుంది. ఇంజన్ గేర్ మీద నడిచే హైడ్రాలిక్ పంపు ఉన్న బళ్లలో దాని షాఫ్ట్ సీల్ పోతే హైడ్రాలిక్ ఆయిల్, ఇంజన్ అడుగున ఆయిల్ నిలిచే ఛాంబర్‌లోకి వస్తుంది. అప్పుడు హైడ్రాలిక్ ట్యాంకులో లెవెల్ తగ్గుతూ ఉంటుంది.

నీళ్లేనని తేల్చుకోవడానికి బండిని రాత్రంతా కదపకుండా ఉంచండి. పొద్దున డ్రెయిన్ బోల్టును పూర్తిగా తీయకుండా కొంచెం వదులు చేసి, మొదట వచ్చేది గాజు సీసాలో పట్టండి. కూలెంట్ ఆయిల్ కన్నా బరువు, ముందు అదే వస్తుంది. బాగా చిలికినట్టు కలిసిపోతే విడిపోదు. అప్పుడు 150 డిగ్రీల దగ్గర వేడెక్కిన రేకు మీద రెండు చుక్కలు వేయండి. చిటపటమంటే నీరుంది. కళ్లకు రక్షణ అద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు.

ఇప్పుడు అసలైన ప్రశ్న: ఏది ఎటు వెళ్లింది? ఇంజన్ నడిచేటప్పుడు ఆయిల్ ప్రెషర్ సుమారు 3 నుంచి 4 బార్, కూలెంట్ వైపు 1 బార్ దరిదాపు. కూలర్ పలకలకు చిల్లు పడితే నడిచేటప్పుడు ఆయిలే నీళ్లలోకి తోసుకుపోతుంది. ఆపగానే ఆయిల్ ప్రెషర్ సున్నా అవుతుంది. వేడి కూలెంట్‌లో ఇంకా ప్రెషర్ ఉంటుంది కాబట్టి అది ఆయిల్‌లోకి దిగుతుంది. అందుకే రేడియేటర్‌లో నల్లటి జిడ్డు, ఛాంబర్‌లో తెల్ల ఆయిల్ రెండూ ఉంటే నేను ముందు కూలర్ విప్పమంటాను. గ్యాస్కెట్‌లో ఆయిల్ దారి తెగినా ఇలాగే కనిపించవచ్చు, కానీ కూలర్ విప్పడం చాలా చిన్న పని. రేడియేటర్‌లో జిడ్డు నల్లగా కాకుండా లేత మీగడ రంగులో ఉంటే హైడ్రాలిక్ ఆయిల్‌ని అనుమానించండి. రేడియేటర్, హైడ్రాలిక్ కూలర్ ఒకే కోర్‌గా ఉన్న బళ్లలో మధ్య గోడ పగిలితే ఇలా జరుగుతుంది.

ఆయిల్ ఫిల్టర్ బేస్ దగ్గరున్న కూలర్ విప్పి, ఆయిల్ వైపు ఒక రంధ్రం మూసి, రెండో రంధ్రంలోంచి 3 బార్ గాలి పెట్టి, వేడినీళ్లలో ముంచండి. చల్లగా ఉన్నప్పుడు మూసుకుపోయే పగులు వేడికి తెరుచుకుంటుంది. నీటి వైపు రంధ్రంలోంచి బుడగలు వస్తే దోషి దొరికినట్టే. కొన్ని చిన్న ఇంజన్లకు కూలరే ఉండదు. వాటికి ఈ మెట్టు వర్తించదు.

కూలర్ బాగుంటే దాన్ని తిరిగి బిగించి, ఆయిల్ పూర్తిగా దించి, డ్రెయిన్ బోల్టు తీసి ఉంచి, రేడియేటర్‌కి చేతిపంపు టెస్టర్ తగిలించండి. మూత మీద రాసిన ప్రెషర్ వరకే, అంటే చాలా బళ్లకు 0.9 బార్ వరకు ఎక్కించి అరగంట ఆగండి. ముల్లు పడిపోతూ డ్రెయిన్ నుంచి చుక్కలు వస్తే లీకు లోపలే. బోరోస్కోప్‌తో (సన్నటి గొట్టం కెమెరా) అడుగు నుంచి చూడగలిగితే ఇంకా మంచిది. లైనర్ (పిస్టన్ ఆడే సిలిండర్ గొట్టం) అడుగు నుంచి కారితే వెట్ లైనర్ ఓ-రింగులు, పైనుంచి ఆయిల్ దిగే దారుల్లో కారితే హెడ్ వైపు, ముందు టైమింగ్ కేసు నుంచి అయితే గేరుతో నడిచే వాటర్ పంపు సీల్.

సిలిండర్‌లో మండే గ్యాస్ కూలెంట్‌లోకి లీకవుతోందా చూడాలంటే ఒక్కో సిలిండర్‌నీ కంప్రెషన్ టాప్‌కి (వాల్వులు మూసుకుని పిస్టన్ పైకి వచ్చే చోటుకి) తెచ్చి, ఇంజెక్టర్ లేదా గ్లో ప్లగ్ రంధ్రం నుంచి 6 బార్ గాలి పెట్టండి. క్రాంక్ కదలకుండా గట్టిగా బిగించాలి. గాలి దాన్ని ఒక్కసారిగా తిప్పేస్తుంది, వేళ్లు జాగ్రత్త. ఏ సిలిండర్‌కి రేడియేటర్‌లో బుడగలు లేస్తాయో దాని చుట్టూనే తప్పుంది.

హెడ్ విప్పక తప్పదంటే, విప్పాక గ్యాస్కెట్ మార్చేసి ఊరుకోవద్దు. స్ట్రెయిట్ ఎడ్జ్, ఫీలర్ గేజ్‌తో వంపు కొలిచి సర్వీస్ మాన్యువల్ అంకెతో పోల్చండి. పీణ్యలోని ఏదైనా హెడ్ వర్క్‌షాపులో వేడినీళ్లలో ప్రెషర్ టెస్ట్ చేయించండి. వాల్వుల మధ్య పగుళ్లు మామూలు కంటికి ఆనవు.

ఈ ఊళ్లో ఇది ఎందుకు ఎక్కువంటే, "ఇక్కడ మంచు పడదుగా, కూలెంట్ దేనికి" అని బోరు నీళ్లు పోయడం వల్ల. గ్లైకాల్‌తో పాటు వచ్చే తుప్పు నిరోధకాలే కూలర్ పలకల్ని కాపాడేవి. బోరు నీటి సున్నం వేడిచోట పొరకట్టి ఇంజన్‌ని కాలుస్తుంది. ఊరు సుమారు 900 మీటర్ల ఎత్తులో ఉంది కాబట్టి ఇక్కడ మామూలు నీళ్లు 97 డిగ్రీలకే మరుగుతాయి. 0.9 బార్ మూత బిగువుగా ఉంటే అది 117 దాకా వెళ్తుంది. మూత స్ప్రింగ్ పోయిన బండి, సిమెంటు దుమ్ముతో పూడిన రేడియేటర్, రెండూ కలిస్తే గ్యాస్కెట్ కాలడానికి ఒక మధ్యాహ్నం చాలు.

రిపేరు తరువాత కొత్త ఫిల్టర్, మామూలు ఆయిల్ వేసి పది నిమిషాలు ఐడిల్‌లో నడిపి దించేయండి. తెల్లదనం పోయేదాకా మళ్లీ చేయండి. బండి కలిసిన ఆయిల్‌తో పనిచేసి ఉంటే ఒక కనెక్టింగ్ రాడ్ షెల్ అయినా విప్పి చూడండి. రాగి రంగు బయటపడితే సెట్టంతా మార్చాలి. రేడియేటర్‌ని నురగ రాని డిటర్జెంట్‌తో కడిగి, ఆయిల్ తాగి ఉబ్బిన రబ్బరు హోసులు, థర్మోస్టాట్ సీల్, మూత మార్చండి. సగం కూలెంట్, సగం డిస్టిల్డ్ వాటర్ నింపండి. 50 గంటలు నడిచాక ఆయిల్ శాంపిల్ ల్యాబుకి పంపండి. సోడియం, పొటాషియం కొత్త ఆయిల్ కన్నా బాగా ఎక్కువగా వస్తే కూలెంట్ ఇంకా ఎక్కడో దిగుతూనే ఉంది.