అన్నా, చాకు ఉందా?

నేను పనిచేసేది ఒక గ్రంథాలయంలో. కొత్త పుస్తకాల పార్సిళ్లు విప్పడం, నలిగిపోయిన పుస్తకాలకు మళ్లీ కుట్టు వేసి బైండు చేయడం నా పని. టేపు, పురికొస, అట్ట, నైలాన్ దారం, పార్సిల్ చుట్టూ బిగించే ప్లాస్టిక్ పట్టీ... పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఏదో ఒకటి కోస్తూనే ఉంటాను. అందుకే జేబులో చాకు ఉండాలా వద్దా అన్న ప్రశ్న నాకెప్పుడూ రాలేదు. ఏ చాకు ఉండాలన్నది తేలడానికి మాత్రం చాలాకాలం పట్టింది.

పోటీ రెండు చాకుల మధ్య, రెండూ మడత చాకులే. ఒకటి ఫ్రాన్స్‌లో తయారయ్యే ఒపినెల్ 8వ నంబరు, కార్బన్ స్టీల్ బ్లేడు, బీచ్ అనే చెట్టు చెక్కతో చేసిన పిడి. రెండోది స్విట్జర్లాండ్ కంపెనీ విక్టోరినాక్స్ చేసే క్యాడెట్, వెండి రంగు అల్యూమినియం పిడి. రెండూ యాభై గ్రాములకు అటూ ఇటూ తూగుతాయి. కొన్ని వారాల పాటు ఒకటి కుడి జేబులో, ఒకటి ఎడమ జేబులో పెట్టుకు తిరిగాను. చెయ్యి తనంతట తాను ఎటు పోతుందో చూద్దామని.

చెయ్యి ఒపినెల్ వైపే పోయింది. ముందు దాని సంగతే చెబుతాను.

1890లో ఫ్రాన్స్‌లోని సవోయ్ కొండ ప్రాంతంలో జోసెఫ్ ఒపినెల్ అనే యువకుడు తన తండ్రి పనిముట్ల కొలిమిలో ఈ చాకు తయారు చేశాడు. 1897కల్లా 1 నుంచి 12 దాకా సైజులు వచ్చాయి. నా దగ్గరున్న 8వ నంబరుకు బ్లేడు ఎనిమిదిన్నర సెంటీమీటర్లు. మొత్తం చాకులో ఉన్నవి ఐదే భాగాలు: బ్లేడు, చెక్క పిడి, రివెట్టు, దాని చుట్టూ కదలని పట్టీ ఒకటి, ఆ పట్టీ మీద తిరిగే రింగు ఒకటి. ఆ తిరిగే రింగు 1955లో వచ్చింది. బ్లేడు తెరిచి రింగు పక్కకి తిప్పితే ఇక అది వేళ్ల మీదికి మడుచుకోదు. పిడిలో స్ప్రింగు అంటూ ఏదీ లేదు. బ్లేడు ఎంత బిగువుగా తెరుచుకోవాలన్నది చెక్కే నిర్ణయిస్తుంది.

ఇక కోత. బ్లేడు వీపు దగ్గర కూడా రెండు మిల్లీమీటర్ల మందం ఉండదు. అక్కణ్నుంచి అంచు దాకా రెండు వైపులా కాస్త ఉబ్బుగా, చేప పొట్టలా సన్నబడుతూ వస్తుంది. మందపాటి అట్టలో దింపితే మధ్యలో బిగుసుకోకుండా జారిపోతుంది. కానీ దాని గొప్పతనం నాకు తెలిసింది పెన్సిల్ చెక్కేటప్పుడు. పెన్సిల్ ఎడమ చేతిలో ఉంటుంది, చాకు వీపును ఎడమ బొటనవేలితోనే నెడతాను. కుడి చెయ్యి కోణం తప్పకుండా పట్టుకుని ఉంటుంది, అంతే. చెక్క పొర ఒకటి లేస్తుంది, విరగకుండా చుట్ట చుట్టుకుంటుంది. వెలుతురుకి ఎత్తి పట్టుకుంటే వెనక ఉన్న వేలు మసగ్గా కనిపించేంత పల్చన. ములుకు తగిలేసరికి చప్పుడు మారుతుంది. అప్పటిదాకా సరసర, ఆపైన గరగర. అక్కడ ఆపేస్తాను. పొద్దున్నే రెండు పెన్సిళ్లు అలా చెక్కుకుంటే ఆ రోజంతా చెయ్యి నిలకడగా ఉన్నట్టుంటుంది నాకు.

కార్బన్ స్టీలు కాబట్టి తడి పడదు. పుల్లటి పండు ఒకటి కోసి తుడవడం మర్చిపోతే గంటలో మరక పడుతుంది. మొదటి నెలలో ఆ మరకలు చూసి కంగారుపడి గరుకు కాగితంతో రుద్ది పాడుచేశాను కూడా. తర్వాత తెలిసింది, నీలం కలిసిన బూడిద రంగులో అంటుకుని ఉండే ఆ పొర తీసెయ్యాల్సింది కాదు. అది ఉంటే కొత్త తుప్పు అంత త్వరగా పట్టదు. ఎర్రగా పొడిలా రాలితేనే తుప్పు, అప్పుడే రుద్దాలి. ఇప్పుడు పని కాగానే పొడిబట్టతో తుడిచి, వారానికోసారి ఒక్క చుక్క నూనె రాస్తాను. ఆ నూనె రాసే రెండు నిమిషాలు కూడా నాకు ఇష్టమే.

చెక్క పిడికి నీళ్లతో పేచీ ఉంది. ఒకసారి వానలో తడిసి వచ్చాను, జేబు కూడా తడిసింది. పిడి ఉబ్బి బ్లేడు లోపలే పట్టేసింది, గోరు గాడిలో పెట్టి ఎంత లాగినా రాలేదు. దీనికి సవోయ్ వాళ్ల ఉపాయమే ఒకటుంది. రింగు లాకు తీసి, పిడి వెనక కొసను గట్టి ఉపరితలం మీద తట్టాలి, ఆ అదురుకి బ్లేడు కాస్త పైకి లేస్తుంది. నేను బల్ల మీద మూడుసార్లు తట్టాను. లేచింది. పఠన మందిరంలో కూర్చున్నవాళ్లు కూడా తలలెత్తి చూశారు.

క్యాడెట్ సంగతి వేరు. 1884లో కార్ల్ ఎల్సెనర్ స్విట్జర్లాండ్‌లోని ఈబాఖ్‌లో పెట్టిన కార్ఖానా వాళ్లది. 1891 నుంచి స్విస్ సైన్యానికి చాకులు ఇచ్చింది. తల్లి పేరు విక్టోరియాకు, తుప్పు పట్టని ఉక్కును సూచించే ‘ఇనాక్స్’ను కలిపి 1921లో విక్టోరినాక్స్ అయింది. చాకు మూసి ఉంటే 84 మిల్లీమీటర్లు. దాని మీద ఒక బ్లేడు, గోళ్లు రాసుకునే ఆకురాయి, మూతలు తీసేది ఒకటి, డబ్బాలు తెరిచేది ఒకటి. ఈ చివరిదాని కొస చిన్న స్క్రూడ్రైవరు. కళ్లద్దాల స్టాండు మరలు, అలమార బీగం మరలు నేను దానితోనే బిగిస్తాను. ప్లస్ గుర్తు గాడి ఉన్న మరలకు కూడా పడుతుంది. బ్లేడు మరీ గట్టి ఉక్కు కాదు, అట్టలు కోస్తే త్వరగానే మొద్దుబారుతుంది. అయితే పింగాణీ కప్పు తిరగేసి, అడుగున మెరుపు పూత లేని గరుకు అంచు మీద పదిసార్లు రాస్తే మళ్లీ కాగితం కోసేంత పదునెక్కుతుంది. తడికి భయం లేదు, తుడవకపోయినా ఏమీ అనదు.

దీనికి లాకు లేదు. వీపు వెంట ఉన్న స్ప్రింగు బ్లేడు మడమను నొక్కిపట్టి ఉంచుతుంది, అంతే. కోత ఎప్పుడూ అంచు వైపుకే సాగితే బ్లేడు ఇంకా ఇంకా తెరుచుకునే దిశలోనే ఒత్తిడి పడుతుంది కాబట్టి ప్రమాదం లేదు. మొనతో పొడిస్తేనే మడుచుకుంటుంది. ఇది నాకు చదివి తెలిసింది కాదు. ఒక సాయంత్రం తోలు వీపున్న పాత రిజిస్టరుకు కుట్టు రంధ్రాలు వెయ్యాలి. దబ్బనం చేతికి అందలేదు, క్యాడెట్ మొన ఆనించి నొక్కాను. తోలు దిగలేదు, మొన జారింది, బ్లేడు వచ్చి చూపుడు వేలి మీద మూసుకుంది. ముందు నొప్పి తెలియలేదు, తోలు మీద ఎర్రటి చుక్క పడితే అప్పుడు చూసుకున్నాను. వేలి మడత దగ్గర ఆ గీత ఇంకా ఉంది. ఆ తర్వాత నెల రోజులు క్యాడెట్‌ను సొరుగులో పడేసి ఒపినెల్ ఒక్కటే జేబులో పెట్టుకున్నాను. విషయం తేలిపోయింది అనుకున్నాను.

తేలలేదు. ఆ నెలలోనే ఒకరోజు పఠన మందిరంలో ఒకావిడ పిల్లాడి కోసం బొమ్మల పుస్తకాల కట్ట అడిగింది. కట్టకు పురికొస గట్టిగా ముడిపడి ఉంది. నేను అలవాటుగా ఒపినెల్ తీసి తెరిచి, రింగు తిప్పాను. ఎనిమిదిన్నర సెంటీమీటర్ల నల్లబడిన బ్లేడు. పిల్లాడు ఒక్క అడుగు వెనక్కి వేసి తల్లి చీరకొంగు పట్టుకున్నాడు. ఆవిడ ఏమీ అనలేదు. నేను పురికొస కోసి, చాకు మడిచి, పుస్తకాలు వాడి వైపు జరిపాను. వాడు పుస్తకాలు కాకుండా నా జేబు చూస్తున్నాడు. నాకు చాలా బాధేసింది. ఎంతో ప్రేమగా నూనె రాసుకునే వస్తువు ఒక పసివాడికి అలా కనిపించింది.

అప్పటినుంచి నా చెయ్యి ఎటు పోతోందో చూసుకోవడం మానేసి, చుట్టూ ఉన్నవాళ్లను గమనించడం మొదలుపెట్టాను. మా చోట రోజుకు ముగ్గురు నలుగురైనా “చాకు ఉందా?” అని అడుగుతారు. ఒపినెల్ ఇచ్చిన ప్రతిసారీ వెంట ఒక పాఠం చెప్పాలి: “తెరిచాక రింగు తిప్పండి, మూసేముందు మళ్లీ తిప్పండి.” చెప్పినా కొందరు తిప్పరు. లాకు వెయ్యకుండానే గట్టిగా కోస్తారు, స్ప్రింగు కూడా లేని చాకు కాబట్టి నాకు టెన్షన్. ఇంకొందరు లాకు వేసి ఉండగానే బలవంతంగా మడవబోతారు. మూసి ఇచ్చేటప్పుడు రింగు తిప్పని చాకు జేబులో కాస్త తెరుచుకునే వీలుంది, అదొక భయం. చాకు మీద ఎంత ప్రేమ ఉన్నా, ఇంకొకరి వేలికి తగిలితే ఆ తప్పు నాదే.

చట్టాలు కూడా చూశాను. బ్రిటన్‌లో కారణం చెప్పనక్కర్లేకుండా బయట వెంట ఉంచుకోగలిగిన చాకు మడిచేదై ఉండాలి, అంచు మూడు అంగుళాలు, అంటే 7.62 సెంటీమీటర్లు దాటకూడదు, లాకు ఉండకూడదు. ఒపినెల్ 8 పొడవు, లాకు రెండింట్లోనూ తప్పుతుంది, క్యాడెట్ రెండింట్లోనూ నెగ్గుతుంది. ఒక్కో దేశానిది ఒక్కో లెక్క, ఎవరికి వాళ్లు తమ చోటి నిబంధన చూసుకుని తీరాలి. కానీ ఆ నిబంధన చదివినప్పుడు నాకు ఆ పిల్లాడి అడుగే గుర్తొచ్చింది. లాకు నా వేలికి రక్షణ. ఎదుటివాడికి మాత్రం అదే చాకు భయపెట్టే వస్తువైపోతోంది.

అలా క్యాడెట్ సొరుగులోంచి బయటికి వచ్చింది. ఒపినెల్ ఇప్పుడు నా బైండింగ్ బల్ల మీద, పెన్సిళ్ల పక్కన ఉంటుంది, గది దాటి బయటికి రాదు. అట్టలు కోసేది, పెన్సిళ్లు చెక్కేది దానితోనే, వారం వారం నూనె కూడా. జేబులో అది లేని లోటు నాకు తెలుస్తూనే ఉంటుంది, ముఖ్యంగా మందపాటి అట్టల పార్సిల్ బయటెక్కడైనా విప్పాల్సి వచ్చినప్పుడు. దబ్బనం మాత్రం కుర్చీలోంచి లేవకుండా అందేచోట మేకుకి వేలాడదీశాను.

నిన్న మధ్యాహ్నం అటెండరు కుర్రాడు తలుపు సందులోంచి తల పెట్టి “అన్నా, చాకు ఉందా?” అన్నాడు. జేబులోంచి తీసి, మడిచి ఉన్నది మడిచినట్టే ఇచ్చాను. ఏమీ చెప్పలేదు. పట్టీ కోశాడు, టక్కుమని మూశాడు, బల్ల మీద పెట్టి వెళ్లిపోయాడు.