యూనిఫాంలో ఉంటూనే వెటర్నరీ కాలేజీకి దరఖాస్తు

అమెరికా సైన్యంలో 68టి, అంటే జంతు సంరక్షణ ఉద్యోగంలో ఉంటూ వెటర్నరీ డాక్టర్ కోర్సుకు దరఖాస్తు సిద్ధం చేసుకుంటున్న నాకు, చేసిన పనికి లెక్క రాసిపెట్టుకోవడమే అన్నిటికంటే కష్టంగా ఉంది. వెటర్నరీ కాలేజీల ఉమ్మడి దరఖాస్తు అయిన వీఎంక్యాస్‌లో, డాక్టరు పర్యవేక్షణలో చేసిన పనిని ఒక పద్దు కింద, డాక్టరు లేకుండా జంతువులతో గడిపిన సమయాన్ని మరో పద్దు కింద చూపించాలి. బదిలీ అయ్యాక, పాత క్లినిక్‌లో నా గంటలను ధ్రువీకరించేవారు దొరకక నెలన్నర నష్టపోయాను. అప్పటినుంచి జేబులో చిన్న పుస్తకం ఉంచుకుంటున్నాను. మొన్న రాత్రి ఒక బెల్జియన్ మాలినోయిస్ కుక్క పాదంలో దిగిన గాజుపెంకును డాక్టరుగారు తీస్తుంటే, దాని తలను నా మోచేతి మడతలో ఒదిగించి పట్టుకున్నాను. దాని ఊపిరి నెమ్మదించాక చేతులు కడుక్కుని, తేదీ, గంటలు, డాక్టరుగారి పేరు రాసుకున్నాను.

సిఫారసు లేఖలు కనీసం మూడు కావాలి. గడువు సెప్టెంబరు మధ్యలో ముగుస్తుంది కనుక, ఫీల్డ్ శిక్షణకు వెళ్లకముందే వాటిని అడగాలన్నది నా గట్టి అభిప్రాయం. 9/11 తర్వాతి జీఐ బిల్లు, అంటే సైన్యంలో పనిచేసినవారి చదువుకు అమెరికా ప్రభుత్వం ఇచ్చే సాయం కింద వచ్చే 36 నెలలు, నాలుగేళ్ల కోర్సులో చాలా భాగానికి సరిపోతాయి కాబట్టి, వాటిలో ఒక్క నెల కూడా డిగ్రీకి వాడకుండా దాచుకున్నాను. ఆర్గానిక్ కెమిస్ట్రీ ల్యాబ్ ఒక్కటే మిగిలింది. శనివారం తరగతులకు మా సార్జెంటుగారు నిన్ననే అనుమతి ఇచ్చారు.